మా చెల్లి మొండితనం

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్‌కు గడియారం అక్కర ఉండేది కాదు. షిఫ్టు సైరన్ వింటే అమ్మ పొయ్యి వెలిగించేది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే గూట్లో గిన్నెలు గలగలమనేవి, అప్పుడు తిన్న కంచాలు నేను కడిగేదాన్ని. ఆ బ్లాస్టింగే మమ్మల్ని అందరినీ మోసం చేసింది.

మా చెల్లికి అప్పుడు ఆరేళ్లు. పిలిస్తే పలికేది కాదు. వచ్చిన మాటలు నాలుగైదే, అవీ ముద్దముద్దగా. చెవుడేమోనని ఎవరైనా అంటే అమ్మ ఒప్పుకునేది కాదు. "బ్లాస్టింగ్‌కు అందరికన్న ముందు ఇదే ఉలిక్కిపడ్తది. చెవులు మంచిగనే ఉన్నయి. మొండిది, గంతే" అనేది. నిజంగానే, గిన్నెలు గలగలమనకముందే చెల్లి ఉరికొచ్చి అమ్మ కొంగు పట్టుకునేది.

దాన్ని దారిలో పెట్టే పని నాకు అప్పగించారు. నేను నాలుగో తరగతి, పెత్తనమంటే ప్రాణం. పిలిచినా తిరగకపోతే వెనక నుంచి వెళ్లి చెవి పట్టుకుని మెలిపెట్టేదాన్ని. ఆ పని ఏడాదిపాటు చాలా శ్రద్ధగా చేశాను.

ఆ ఎండాకాలం సెలవులిచ్చేటప్పుడు, జూన్‌లో చెల్లిని మళ్లీ పంపొద్దని బడి పంతులు చెప్పేశాడు. మా బాపు గనిలో డ్యూటీ నుంచి వచ్చి, స్నానం కూడా చేయకుండా కూర్చున్నాడు. చెల్లిని ఊళ్లో నానమ్మ దగ్గర వదిలేస్తానన్నాడు. "సదువు రాకుంటె మానె, మేకలన్న కాస్తది." అమ్మ ఏడ్చింది గానీ కాదనలేదు. నాకైతే పీడ వదిలిందనిపించింది. ఇది చెప్పడానికి ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది.

పక్క క్వార్టర్‌లో ఉండే మెకానిక్ కూతురిని మేమంతా ఉర్దూలో అక్క అన్నట్టు ఆపా అనేవాళ్లం. హైదరాబాదులో టీచరు ట్రైనింగు చేస్తూ సెలవులకు వచ్చింది. సంగతి విని రెండు రోజులు ఊరికే చెల్లిని చూస్తూ కూర్చుంది. మూడో రోజు మధ్యాహ్నం వాకిట్లో వేపచెట్టుకు కట్టిన తాడు ఉయ్యాలలో దాన్ని కూర్చోబెట్టి, ఉప్పుకారం అద్దిన మామిడికాయ ముక్క చేతికిచ్చింది. "దీని కాళ్లు నేలకు తగలనియ్యకు" అని నాతో అంది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

ముందు బ్లాస్టింగ్ హెచ్చరిక సైరన్ మోగింది. చెల్లి ముక్క కొరికింది. కాసేపటికి బ్లాస్టింగ్ జరిగింది. కిటికీ రెక్కలు దడదడలాడాయి, గడపలో కూర్చున్న అమ్మ అదిరిపడింది, కాకులన్నీ లేచిపోయాయి. చెల్లి మాత్రం కారం అంటిన వేలు నాక్కుంటూ ఉంది.

అప్పుడు అర్థమైంది నాకు. ఇన్నాళ్లూ అది విన్నది చప్పుడు కాదు. అరికాళ్ల కింద నేల అదరడం దానికి తెలిసేది. అమ్మ లేచొచ్చి దాని అరికాళ్లు నిమిరింది.

సాయంత్రం బాపు వచ్చాక ఆపా చెప్పింది. "మొండిది కాదు కాకా, దీనికి ఇనవడ్తలేదు. జల్ది దవాఖానల చూపియ్యుండ్రి. స్పెషల్ ఎడ్యుకేషన్ అని ఉంటది, గసోంటి బడిల ఏద్దాం."

"స్పెషల్ క్లాసులు పదో తరగతోల్లకు గద బిడ్డా పెట్టేది? దీనికెందుకు?" అన్నాడు బాపు. మాకందరికీ తెలిసిన స్పెషల్ అదొక్కటే. ఎవరూ నవ్వలేదు.

"గది వేరే కాకా. చెవులు ఇనవడనోల్లు, కండ్లు అగుపడనోల్లు, మెల్లగ నేర్సుకునేటోల్లు, తెలివి ఉండి గూడ అక్షరాలు తారుమారు చేసేటోల్లు, గిట్ల శానమంది ఉంటరు. ఎవలకు ఎట్ల చెప్తె వస్తదో గట్ల చెప్పుడే. మనం దీనికి నోటితోని చెప్పినం. కండ్లకు చెప్పాల్సి ఉండె."

బాపు తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ చేతులతో దాన్ని ఎన్నిసార్లు కొట్టాడో మా అందరికీ తెలుసు. నేను నా చేతులు లంగా మడతల్లో దాచుకున్నాను.

చెల్లి మేకల వెంట వెళ్లలేదు. వేరే ఊళ్లో అలాంటి బడి ఉందని ఆపానే కనుక్కుంది. రెండేళ్లకు సెలవుల్లో వచ్చినప్పుడు చెల్లి అక్షరాలు గుండ్రంగా రాస్తోంది. ఒకరోజు పలక తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "అక్కా, నా చెవి ఎందుకు గుంజేదానివి?" అని రాసి ఉంది. కోపంగా అడగలేదు, తెలియక అడిగింది.

నాకు యాభై దాటాయి. ఈనాటికీ ఎవరైనా పిలిస్తే పలకకపోతే, ఎదురుగా వెళ్లి ముఖం చూపించాకే మాట్లాడతాను. ఆ పలక మీద మాత్రం ఆ రోజు నేనేమీ రాయలేకపోయాను.