మా షెడ్డులో పోసిన అంతరిక్ష నౌకలు

అంతరిక్ష నౌకకు కళ్లెక్కడుంటాయని మా నాయన అడిగినప్పుడు నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. పాకాలలో మాది విగ్రహాలు పోతపోసే ఇల్లు. మైనంతో బొమ్మ చేసి, దానిమీద ఒండ్రుమట్టి మెత్తి, కాల్చి, మైనం కారిపోయిన ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తాం. ఏ విగ్రహానికైనా కళ్లు చిట్టచివర తెరుస్తాం కాబట్టి అవి ఎక్కడ వస్తాయో ముందే తెలియాలి. ఆయన అడిగింది పనికి సంబంధించిన ప్రశ్నే. చదువుకున్న కూతురి తెలివి వల్ల నాకు అది హాస్యంగా వినిపించింది.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నాళ్లయింది. చెన్నైలో ఒక ప్రదర్శనకు మా విగ్రహాలు తీసుకుపోతే, నేను మైనంమీద చెక్కిన నగల పని చూసి ఒక ఎగుమతి వ్యాపారి నన్ను పక్కకు పిలిచాడు. విదేశాల్లో పెద్దవాళ్లు కూడా బల్లమీద బొమ్మలు పెట్టుకుని యుద్ధాల ఆటలు ఆడతారట. వాళ్లకు నౌకలు కావాలట. చిన్నవి ఎవరో చేస్తున్నారు, మూరెడు పొడుగువి ఆరు మమ్మల్ని చేసిమ్మన్నాడు. లోహంతో చేస్తారో రెజిన్‌తో చేస్తారో మీరే తేల్చుకోండి అన్నాడు. రెజిన్ తేనెలాంటి ద్రవం. దాంట్లో ఇంకో మందు కలిపితే నిప్పన్నది లేకుండానే గట్టిపడిపోతుంది.

ఆర్డరు నాది, షెడ్డు మా నాయనది. గుళ్ల పనులు తగ్గిపోయాక కూడా ఆయన రోజూ పొద్దున్నే షెడ్డుకు పోయి, ఉలులు తుడిచి, కొలిమి దగ్గర కాసేపు కూర్చుని వచ్చేవాడు. ఎలాగైనా ఆయన చేతికి పని తగలాలని నేను ఆ ఆర్డరు ఒప్పుకున్నాను. ఇది నిజం, గొప్పకు చెప్పడం లేదు. లోహమైతే పని ఆయనది, రెజినైతే నాది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరం పైకి అనలేదు.

ముందు లోహమే చూశాం. నేను మైనంతో నౌక చేశాను, ఆయన పోత పోశాడు. అద్దంలా వచ్చింది. అయితే ఎత్తబోతే నా నడుము పట్టేసింది, పదికిలోల పైమాటే. వ్యాపారి పంపిన సన్నటి ఊచ మీద నిలబెడితే ఊచ మెల్లగా వంగి, నౌక ముక్కు బల్లకు కొట్టుకుంది.

"లోపల బోలుగా పోస్తే బరువు తగ్గుతుంది కదా నాయనా" అన్నాను.

"బోలుగా పోసింది పూజకు పనికిరాదు మే."

"దీన్ని ఎవరు పూజిస్తారు?"

"ఎవరూ పూజించరులే. మన చేతిమీద పోతాది గదా. నా చేతికి బోలు పని అలవాటు లేదు" అన్నాడు. ఆ మొండితనం నాకూ వచ్చింది కాబట్టి ఆయనతో వాదించి లాభం లేదని తెలుసు. రెజిన్ అని తేల్చేశాను. ఆయన "మనం మైనంలో కలిపే గుగ్గిలం మాదిరే గదా అది. ఏం కావాల్నో చెప్పు, నేను చేసిస్తా" అన్నాడు. ఆయన అంత తొందరగా దిగివస్తాడని నేననుకోలేదు.

ఇంకో మైనపు నౌక చెయ్యడానికి నెలన్నర పట్టింది. దాని చుట్టూ చెన్నై నుంచి తెచ్చిన రబ్బరు ద్రవం పోసి, అది గట్టిపడ్డాక రెండుగా చీల్చి, మైనపు నౌకను బయటికి తీశాను. తీసేటప్పుడు ఒక రెక్క విరిగింది. పోనీలే, అచ్చు బాగా పడింది, అది చాలు అనుకున్నాను. రెండు భాగాలూ కలిపి తాళ్లతో బిగించి, నాయన పట్టుకుంటే నేను రెజిన్ కలిపి పోశాను. కొలిమి లేదు, తిత్తి లేదు, అయినా కొంతసేపటికి అచ్చు వేడి తగిలి ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నిప్పు యాడుండాది దీంట్లో" అని అచ్చు చుట్టూ తిరిగి చూశాడు. నాకు ముచ్చటేసింది. రేపు పొద్దున తీద్దామని చెప్పి ఇంటికి వచ్చాం.

మర్నాడు నేను షెడ్డుకు పోయేసరికి ఆయన స్నానం చేసి, దీపం పెట్టి, అచ్చులోంచి నౌకను తీసేశాడు. పీటమీద మచ్చ లేకుండా మెరుస్తోంది. పక్కన వెదురు గంపలో రబ్బరు ముక్కలు. వేలెడేసి, బెత్తెడేసి ముక్కలు, ఒక్కటి కూడా కింద పడకుండా ఏరిపెట్టినవి. గంపలో చెయ్యి పెట్టి ఆ ముక్కల్ని అటూ ఇటూ కదిపాను, ఎక్కడో ఒకచోట పూర్తి అచ్చు ఉంటుందన్నట్టు.

"రెక్కలు ఇరగకూడదని సుట్టూ కోసుకుంటా వచ్చినాను. సూడు, ఒక్క గీత పడలేదు" అన్నాడు నాయన. గొంతులో ఎన్నాళ్లకో విన్న హుషారు. "ఈ ముక్కలు తొక్కకూడదు, కాలవలో వదిలేసొస్తా."

"మైనం బొమ్మ ఏది?" అని అడిగాను.

"రెక్క ఇరిగింది గదా, కరగబెట్టేసినా. మైనం యాడ పారేస్తాం."

అంతా పోయింది. అచ్చు లేదు, అచ్చు తీసిన బొమ్మా లేదు. ఆరు నౌకలకు ఒకే అచ్చు, ఆరుసార్లు వాడాలి. ఆ మాట నేను ఆయనకు చెప్పలేదు. దాచి కాదు, చెప్పాలని తోచనే లేదు. మా ఇంట్లో అచ్చంటే పగలగొట్టేదే. ఒక అచ్చు, ఒక విగ్రహం. పొద్దున్నే స్నానం చేసి ఇంటిపెద్ద అచ్చు పగలగొట్టాలి, ముక్కలు నీళ్లలో కలపాలి. ఆయన యాభై ఏళ్లుగా చేసినట్టే, ఏ తప్పూ జరగకుండా చేశాడు. ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను. ఆ పొద్దు నా నోట్లోంచి వచ్చింది వేరు.

"ఇన్నేండ్లు వచ్చినాయి, ఒక్క మాట అడగాలని తెలీదా నాయనా? నా పనంతా నాశనం చేసినావు. ఇంక ఈ షెడ్డులో నువ్వు దేంట్లోనూ చెయ్యి పెట్టొద్దు."

ఆయన కత్తిని గుడ్డతో తుడిచి, గోడకున్న మేకుకు తగిలించి, చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. గంప అక్కడే ఉండిపోయింది. నేనన్నది నాకే వినబడింది. అయినా ఆయన వెనక పోలేదు. కోపం అంతలా ఉంది.

బజారుకు పోయి టెలిఫోన్ బూత్ నుంచి వ్యాపారికి ఫోన్ చేసి, గడువు దాటుతుందేమోనని ఏడుపు గొంతుతో జరిగింది చెప్పాను. ఆయన అంతా విని, "చేతిలో నౌక ఒకటి ఉంది కదమ్మా. దానిమీదే రబ్బరు పోసి ఇంకో అచ్చు తీసుకో. మైనం కంటే అదే గట్టిది, విరగదు కూడా" అన్నాడు. ఎదురుగా పీటమీద పెట్టుకుని చూస్తూ కూడా నాకా ఆలోచన రాలేదు. పోయింది ఏమీ లేదు. ఇంకో రబ్బరు డబ్బా, నాలుగు రోజులు, అంతే. బూత్ లోంచి బయటికి వచ్చి దాని ముందున్న గట్టుమీదే కూర్చుండిపోయాను. ఇంత చిన్నదానికి అంత మాటన్నానా అని నమ్మబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. "ఏం పోలేదు నాయనా, నువ్వు తీసిన దాంతోనే అచ్చు తీస్తా" అన్నాను. "అట్నా, మంచిదే గదా" అన్నాడు. ఆ పొద్దు నేనన్నదానికి చెప్పాల్సిన రెండో మాట ఒకటుంది. రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు ఆయన షెడ్డుకు రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. అలా అనుకుంటే నాకు సులువుగా ఉండింది. రబ్బరు తెచ్చుకున్నాను, అచ్చు తీశాను, మిగిలిన ఐదూ ఒక్కదాన్నే పోసుకున్నాను.

ఆరు నౌకలూ బల్లమీద వరసగా పెట్టి, ఇక పెట్టెల్లో సర్దాలి అనుకుంటున్న రోజు, వాకిట్లో నీడ పడితే తలెత్తాను. నాయన. చెప్పులు విడిచి, గడపకు అవతలే నిలబడి ఉన్నాడు. ఆ గడప ఆయనే వేయించాడు. ఆ షెడ్డు గోడలు ఆయన చిన్నప్పుడు వాళ్ల నాయనతో కలిసి కట్టినవి.

"అన్నీ ఒకేసారి సూద్దామని వచ్చినా పాపా. లోనకి రావచ్చునా?" అన్నాడు.

ఆయన ఎగతాళికి అనలేదు, నిష్ఠూరానికీ అనలేదు. నిజంగానే అడిగాడు. నేను తల ఊపానో లేదో నాకు గుర్తులేదు. ఆయన లోపలికి వచ్చి బల్ల చుట్టూ మెల్లగా తిరిగాడు. ఒక్కో నౌక దగ్గర వంగి, రెక్కలు, ముక్కు, అతుకులు అన్నీ చూశాడు. "బాగుండాయి మే" అన్నాడు. చూసినంతసేపూ రెండు చేతులూ వీపు వెనక కట్టుకునే ఉన్నాడు.