ఆ ఫారంలో నేను రాసిన ‘లేదు’

కారు నా పేరు మీద ఉంది కానీ నాకు నడపడం రాదు. నడిపేది మా ఆయనే. ఇన్సూరెన్సు కోసం ఏజెంటు నాంపల్లిలోని మా ఇంటికే వచ్చాడు. నేను బడిలో తెలుగు చెబుతాను, చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టను. ఒక్కో ప్రశ్నా పైకి చదివాను. “బండి నడిపేవారికి డ్రైవింగు కేసుల్లో శిక్ష పడిందా?” అని చదివి ఆయన వైపు చూశాను.

“లేదు. రాయి,” అన్నాడు. తాగుతున్న టీ కప్పు కూడా దించలేదు.

రాశాను. సంతకం చేశాను.

ఏడెనిమిది నెలల తర్వాత గౌలిగూడలో పట్టపగలు, ఆగి ఉన్న బస్సును మా ఆయన నడుపుతున్న కారు వెనకనుంచి గుద్దింది. నా మణికట్టు విరిగింది. కారు ముందుభాగం నుజ్జయింది. క్లెయిము పెట్టుకుంటే అబిడ్స్‌లో ఇన్సూరెన్సు ఆఫీసుకు పిలిచారు. చేతి కట్టుతోనే ఆయనతో కలిసి వెళ్లాను.

“మేడం, గీడ ‘లేదు’ అని మీరే రాసిన్రు గదా?” అన్నాడు ఆఫీసరు.

“ఔ, నేనే రాసిన. శిక్ష పడలే, గందుకే రాసిన.”

అతను ఇంకో కాగితం నా ముందుకు జరిపాడు. తాగి బండి నడిపినందుకు నాంపల్లి కోర్టు మా ఆయనకు వేసిన శిక్ష. జరిమానా, పైగా రెండు రోజులు బషీర్‌బాగ్ చౌరస్తాలో ‘తాగి బండి నడపొద్దు’ అన్న ప్లకార్డు పట్టుకుని నిలబడాలి. తేదీ చూశాను. ఫారం నింపడానికి ముందు ఏడాదిదే. ఆ రెండు రోజులూ ఆఫీసు ట్రైనింగని చెప్పి, నేను కట్టిచ్చిన టిఫిను డబ్బాతో వెళ్లాడు.

“నాకు తెల్వదు సార్.”

“తెల్వకపోవచ్చు మేడం. గానీ సంతకం మీది. క్లెయిము రాదు.”

కాపీ కొట్టిన పిల్లల్ని మందలించే దాన్ని, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు అబద్ధాలకోరునై కూర్చున్నాను. మా ఆయన నేల చూస్తున్నాడు.

పోస్టాఫీసు ముందుకు వచ్చేదాకా ఓపిక పట్టి, “నాకెందుకు చెప్పలే?” అని అడిగాను.

“ఏమని చెప్పాలె? ఇజ్జత్ పోతదని చెప్పలే,” అన్నాడు.

“నీ ఇజ్జత్ కోసం నా చేతితోని అబద్ధం రాయిస్తవా?” పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన్ని ‘నువ్వు’ అనడం అదే మొదటిసారి. “తాగినవ్, దొరికినవ్. అది నీ తప్పు. చెప్పకపోయినా ఊకుందును. నేను చదివి అడిగిన గదా! గప్పుడన్న ఆగు, రాయకు అనలేకపోయినవా?”

ఆటోవాళ్లు మావైపు తిరిగారు.

“జర మెల్లగ...”

“చౌరస్తల రెండ్రోజులు నిలబడ్డప్పుడు లేని సిగ్గు గిప్పుడొచ్చిందా?” ఇంకా గట్టిగా అరిచాను.

క్లెయిము డబ్బు రాక కారు నాలుగు నెలలు మెకానిక్ షెడ్డులోనే పడి ఉంది. ఈలోగా ఏజెంటు మళ్లీ వచ్చి, “గా ప్రశ్నకు అందరు లేదనే రాస్తరు మేడం, ఎవరు చూస్తరు?” అన్నాడు. గుమ్మంలోంచే పంపేశాను.

పాలసీ గడువు తీరగానే అబిడ్స్‌లోనే మరో కంపెనీ కౌంటరుకు మా ఆయన్ని తీసుకెళ్లి, ఫారం ముందు పెట్టాను. ఆయన అటూ ఇటూ చూసి ‘ఔను’ అని రాశాడు. కేసు వివరాలూ రాశాడు. కౌంటరులో అమ్మాయి తలెత్తకుండా చదివి ముద్ర వేసింది. అంతే. అంత చిన్న పని. అది చూశాక నా కోపం తగ్గకపోగా ఇంకా పెరిగింది.

“ఇగ ఊకుంటవా?” అన్నాడు బస్టాపులో.

“ఊకోను,” అన్నాను.