మా మామ గాలి కొలిచిన వేసవి

పోయిన వారం మా ఇంట్లో ఏసీ చల్లబడటం లేదని మెకానిక్‌ను పిలిచాం. అతను గదిలోని పెట్టెను ముట్టుకోనే లేదు. బాల్కనీలో, బయటి పెట్టెకు అడ్డంగా నేను పేర్చిన పాత సామాను చూసి, "దీనికి గాలి ఆడే జాగా ఏదమ్మా?" అన్నాడు. ఆ మాటతో నాకు గోదావరిఖని, మా మామ, తెలంగాణ రావడానికి మూడు నాలుగేళ్ల ముందటి ఒక వేసవి గుర్తుకొచ్చాయి.

మామ అంటే మా ఆయన తండ్రి. బొగ్గుబాయిలో ఆయన డ్యూటీ గాలి కొలవడం. భూమి లోపల ఏ మూలకు ఎంత గాలి చేరుతోంది, ఎక్కడ ఉక్క పెరుగుతోంది అని పిడి ఉన్న థర్మామీటరును గాలిలో గిరగిరా తిప్పి చూసి రాసుకునేవారు. ముప్పై ఏళ్లు ఆ పని చేస్తూ, వేపచెట్ల మధ్య రెండు గదుల క్వార్టర్‌లో అందరితో సర్దుకుని బతికారు. ఆయన కోరిక ఒక్కటే, తనకంటూ ఒక గది. రిటైరయ్యాక బజారు వెనక సందులో జానెడు నేల వదలకుండా ఇల్లు కట్టించి, వెనక భాగంలో ఆ గది వేయించుకున్నారు. పచ్చ గచ్చు, చెక్క అల్మారా, రేడియో పెట్టుకోవడానికి గోడలో గూడు. చుట్టాలు వస్తే మంచినీళ్లు ఇవ్వకముందే ఆ గది చూపించేవారు. మిగతా ఇంటికి గాలి రావడానికి ఒక్క పక్క కిటికీయే దిక్కు. అది పక్కింటాయన వదిలిన మూరెడు సందులోకి తెరుచుకునేది. కూలర్ అక్కడే పెట్టాం.

నేను పుట్టింటి నుంచి ఐదు నెలల బాబుతో వచ్చేసరికి ఎండలు ముదిరాయి. పక్కింటాయన కొత్తగా ఏసీ పెట్టించుకున్నారు. దాని బయటి పెట్టె సరిగ్గా మా కిటికీకి ఎదురుగా ఉండేది. కూలర్ వేస్తే వంటింటి ఆవిరి ముఖాన కొట్టినట్టుండేది. బాబు ఒళ్లంతా చెమటకాయలు. ఒక మధ్యాహ్నం వాడు పాలు తాగడం మానేసి, నా చేతుల్లో తోటకూర కాడలా వాలిపోయాడు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. మామే ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయారు. "జబ్బేం లేదమ్మ, ఉక్కకు తట్టుకుంటలేడు. చల్లటి జాగల ఉంచుండ్రి" అన్నాడు డాక్టరు. ఆ రోజు మామ అన్నం తినలేదు.

మర్నాడు బాయిలో తనతో పనిచేసినాయన దగ్గర థర్మామీటరు అడిగి తెచ్చి, గొడుగు వేసుకుని బయల్దేరారు. పెద్దమనిషి నడిఎండలో గిలక్కాయలా దాన్ని తిప్పుతుంటే, సందులోవాళ్లు కాస్త పక్కకు తప్పుకుని నడిచారట. తిరిగొచ్చి క్యాలెండరు వెనక రాసిన అంకెలు నాకు చూపించారు.

"క్వార్టర్ల కాడ చెట్ల కింద నయమున్నది బిడ్డా. గదే ఊరు, గదే ఎండ. మన సందుల నాలుగు గీతలు ఎక్కువ. కూలర్ కిటికీ కాడ ఇంకా ఎక్కువ." క్యాలెండరు మడిచి పెట్టి, "బాయిల గాలి వచ్చే తొవ్వ ఒకటి, పోయే తొవ్వ ఒకటి ఉంటది. నా ఇంటికి రెండూ నేనే మూసుకున్న" అన్నారు.

తర్వాత పక్కింటికి నడిచారు. ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. పక్కింటాయనేమో కోస్తా నుంచి వచ్చి బట్టల దుకాణం పెట్టుకున్న మనిషి. మాట ఎటు పోతుందోనని బాబునెత్తుకుని నేనూ వెంట వెళ్లాను.

"సేటూ, నీ ఏసీ ఇడిసే వేడి నా మనుమని మీదికొస్తున్నది" అన్నారు మామ నిదానంగా.

పక్కింటాయన ముఖం చిన్నబోయింది. "మా ఆవిడకి ఆపరేషనైన దగ్గర్నుంచి ఉక్క పడట్లేదండి అన్నగారూ. అందుకే పెట్టించాను. అయినా మధ్యాహ్నమైతే గది చల్లబడదండి."

లోపల మంచం మీద ఆమె తడిగుడ్డతో మెడ తుడుచుకుంటూ కనిపించింది. మామ గొంతు మారిపోయింది. "ఎట్ల చల్లబడతది? రెండు గోడల నడుమ వేడి ఎటు పోవాలె? అది ఇడిసిన వేడినే మళ్ల గుంజుకుంటున్నది. పైకెక్కించు సేటూ, చెల్లెకు గూడ నయముంటది."

వారంలో ఆ పెట్టె వాళ్ల డాబా మీదికి చేరింది. మామ మా స్లాబుకు తెల్లసున్నం వేయించారు, మెట్ల పైగోడకు వేడి పోయేలా కంత పెట్టించారు. అంతటితో ఆగుతారనుకున్నాను. మేస్త్రీ మామ గదిలోకి గడ్డపారతో వెళ్తుంటే అడ్డుపడ్డాను. "వద్దు మామా, అది మీ గది."

"ఇంటెనక సర్కారు బడి ఉన్నది, దాని నిండ చెట్లున్నయి. ఆ గాలికి నా గదే అడ్డమున్నది బిడ్డా."

గోడ కూలుతుంటే ఆయన అక్కడ నిలబడలేదు. గూట్లోని రేడియో తీసుకుని వీధి అరుగు మీద కూర్చున్నారు, కానీ దాన్ని ఆన్ చేయలేదు. గది పోయిన చోట ఖాళీ పెరడు మిగిలింది. కూలర్‌ను అటు తిప్పాం. ఆ మధ్యాహ్నం బాబు మూడు గంటలు కదలకుండా పడుకున్నాడు. ఊపిరి ఆడుతోందా అని నేనే పదిసార్లు వెళ్లి చూశాను.

మామ మంచం వీధివైపు హాల్లోకి, స్కూటరు పక్కకు చేరింది. పోయేదాకా అక్కడే పడుకున్నారు. గది కోసం బాధ లేదా అని ఒకసారి అడిగాను. "ముప్పై ఏండ్లు మందికి గాలి కొలిసిన బిడ్డా, ఇంట్ల కొలవక పోతి" అని నవ్వారు.

ఆ ఇంట్లో ఆయనతో చాలా ఏళ్లే గడిపాను. పండుగలూ చదువులూ పెళ్లిళ్లూ అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆ ఒక్క వేసవి మాత్రం ఇప్పటికీ ఏ మధ్యాహ్నానికా మధ్యాహ్నం విడివిడిగా గుర్తుంది.