అద్దానికి అంటుకున్న మావయ్య మీసం

ఎవరైనా పాత ఫొటో చేతికిచ్చి "జాగ్రత్తగా ఉంచండి" అంటే ఈమధ్య నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటున్నాను. ఎందుకో చెప్తాను, మీరు మాత్రం టీ చల్లారనివ్వకండి. పోయిన వారం ఒకే ఒక్క ఫొటోతో నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ఆ ఫొటో ఇప్పుడు బానే ఉంది. నా సంగతే ఇంకా తేలలేదు.

నేను ఫిల్మ్ నగర్‌లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ అసిస్టెంట్‌ని కదా. సెట్లు వేయడం పెద్దవాళ్ల పని. నా వాటాకొచ్చేది గోడ మీది పూర్వీకులు. సినిమాలో హీరో ఇల్లంటే హాల్లో తాతగారి ఫొటో ఉండి తీరాలి. ఆ తాతల్ని నేనే తయారుచేస్తాను. ఓ జూనియర్ ఆర్టిస్టుకి పంచె కట్టి ఫొటో తీయడం, ప్రింట్ వేయించడం, దాన్ని టీ డికాక్షన్‌లో ముంచి ఎండలో పడేయడం, అంచులు గరుకు కాగితంతో గీకడం. పొద్దున పుట్టిన ఫొటోకి సాయంత్రానికి అరవై ఏళ్లు నిండుతాయి. దీన్నే ఏజింగ్ అంటాం. కొత్త ఫొటోని పాడుచేయడంలో నాకు కాస్త పేరుంది. పాడైన ఫొటోని బాగుచేయడం మాత్రం మన సిలబస్‌లో లేదు.

మా మావయ్యకి ఈ తేడా తెలియదు. ఆయనది బోరబండ. కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. నాదేమో కాకినాడ వైపు, పైగా సినిమా ఉద్యోగం. మంజులతో నా పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన కనపడ్డప్పుడల్లా "ఏం పని చేస్తున్నవ్ అల్లుడు?" అని అడుగుతూనే ఉన్నారు, నేను చెబుతూనే ఉన్నాను, ఆయన నమ్మకుండానే ఉన్నారు. అలాంటి మనిషి ఓ రోజు చంకలో గుడ్డ చుట్టిన ఫ్రేముతో మా ఇంటికొచ్చారు. విప్పితే ఆయనా, మా అత్తయ్యా, పెళ్లిబట్టల్లో. ఆదివారం వాళ్ల యాభయ్యో పెళ్లిరోజు.

"దీన్ని పెద్దగ చేపియ్యాలె అల్లుడు. పెండ్లి ఫొటో గీ ఒక్కటే ఉన్నది. నువ్వు ఫొటోల పనే చేస్తవంట కదా. జర పైలం."

కూతురి తర్వాత ఆయన నా చేతికిచ్చింది అదొక్కటే. కూతుర్ని కూడా నమ్మి ఇచ్చారని నేను చెప్పలేను. అందుకని ఫొటో విషయంలో వెయ్యి జాగ్రత్తలు తీసుకున్నాను. పిల్లలు అందుకోకూడదని వంటింటి అటక మీద పెట్టాను. దుమ్ము పడకూడదని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, మూతి బిగించి రబ్బరు బ్యాండు వేశాను. అసలు ఇచ్చిన రోజే ఫోన్లో ఓ ఫొటో తీసి పెట్టుకోవాల్సింది కదా అని మీరు అంటారు. మంజుల కూడా అదే అంది. కానీ తర్వాత అంది.

గురువారం పొద్దున పై వాటావాళ్ల వాషింగ్ మెషిన్ పైపు ఊడింది. ఆ నీళ్లు మా అటక మీదికి దిగాయి. నేను స్టూలెక్కి కవరు తీస్తే చేపపిల్లల్ని అమ్మే సంచీలా బరువుగా ఊగింది. లోపలికి వెళ్లిన నీళ్లు బయటికి పోకుండా నా రబ్బరు బ్యాండు కాపలా కాసిందన్నమాట. అడుగున మావయ్య, అత్తయ్య మునిగి ఉన్నారు.

"నాన్నకు తెలిస్తే ఇంకేమన్న ఉన్నదా?" అంది మంజుల.

"తెలియదు."

"హెయిర్ డ్రయ్యర్ తేవాల్నా?"

ఆ మాటకి నాకు సగం ప్రాణం లేచొచ్చింది కానీ ఎందుకైనా మంచిదని మా స్టిల్ ఫొటోగ్రాఫర్ శ్రీధర్‌కి ఫోన్ చేశాను. వాడు డ్రయ్యర్ అనగానే కేకలేశాడు. "వేడి తగిలితే ముడుచుకుపోతుందిరా. అద్దానికి అతుక్కుందా? లాగొద్దు. అద్దంతో సహా చల్లటి మంచినీళ్లలో పెట్టు. దానంతట అదే వదలాలి. వదిలాక నీడలో, ఫ్యాను గాలికి, ఏమీ తగలకుండా ఆరనివ్వు. ఎండలో పెట్టావో, నాకు మళ్లీ ఫోన్ చెయ్యకు."

ఇంట్లో అంత వెడల్పు పళ్లెం లేదు. సెట్లకి వాడే సామాన్లుంచే మా ప్రాపర్టీ గదిలో డికాక్షన్ ట్రేలు ఉన్నాయి కదా, అక్కడికే తీసుకుపోయాను. ట్రేని మూడుసార్లు కడిగి, నీళ్లు పోసి, ఫొటోని అందులో పడుకోబెట్టి పక్కన కూర్చున్నాను. ఆ ట్రేలో ఎన్ని ఫొటోల్ని నాశనం చేశానో నాకే గుర్తులేదు. ఇప్పుడు ఈ ఒక్కదాన్ని వదిలెయ్యమని దానికి దణ్ణం పెట్టుకున్నాను.

వదిలింది. ముందు అత్తయ్య వైపు లేచింది, నిక్షేపంగా. తర్వాత మావయ్య తలపాగా, నుదురు, కళ్లు, ముక్కు. ముక్కు కింద మాత్రం రాలేదు. కాసేపాగి చూస్తే ఫొటో మొత్తం నీళ్లలో తేలింది. మావయ్య మీసం అద్దం మీదే ఉండిపోయింది.

అద్దం మీద మిగిలిందంతా ఓ నల్లటి ముద్ద. ఫొటోలో ముక్కుకీ పెదవికీ మధ్య తెల్ల కాగితం. ఆయన మీసం మీకు తెలియదు. బోరబండలో ఆ మీసం ముందు నడుస్తుంది, వెనక ఆయన వస్తారు.

మర్నాటికి ఫొటో కాస్త తడి తగ్గాక కుంచె పట్టుకున్నాను. పెళ్లినాటి మీసం ఎలా ఉండేదో నేనెప్పుడైనా సరిగ్గా చూస్తే కదా! ఇప్పుడున్నదే అప్పుడూ ఉండి ఉంటుందనుకున్నాను. పైగా ఏళ్ల తరబడి సినిమా తాతలకి మీసాలు దిద్దిన చెయ్యి. అది ఆగుతుందా? పోస్టర్ కలర్‌తో మీసం దిద్ది, కొసలు రెండూ పైకి తిప్పాను. దూరంగా జరిగి చూసుకుంటే నాకే గౌరవం కలిగింది. అంచుల్లో నీటి మరకలు మిగిలాయి, వాటి జోలికి పోలేదు. ఇంకా పూర్తిగా ఆరలేదు కాబట్టి ఫొటోని బల్ల మీదే ఫ్యాను కింద వదిలి, ఓ సోఫా తేవడానికి బంజారా హిల్స్ వెళ్లాను. తిరిగి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది.

మా ప్రాపర్టీ ఇన్‌చార్జ్ యాదగిరన్నని అడిగాను.

"గా పాత ఫొటోనా? సెట్టు మీదికి పోయింది. హీరో అమ్మానాయిన ఫొటో కావాలన్నరు. నువ్వు తయారుచేసి పెట్టినవ్ గద?"

తప్పు ఆయనది కాదు. ప్రాపర్టీ గదిలో బల్ల మీద మరకలు పడ్డ ఫొటో ఉంటే అది ప్రాపర్టీయే. అది నిజంగా పాతదై ఉంటుందని ఫిల్మ్ నగర్‌లో ఎవరికీ తోచదు. నేను షూటింగ్ జరిగే ఫ్లోర్‌కి పరిగెత్తాను.

సెట్లో హాలు గోడకి, సరిగ్గా మధ్యలో మా మావయ్యా అత్తయ్యా. కొత్త ఫ్రేము, కొత్త అద్దం, చుట్టూ ప్లాస్టిక్ బంతిపూల దండ. కింద దీపం. దాని ముందు హీరో మోకాళ్ల మీద పడి ఏడుస్తున్నాడు.

బతికున్న మనుషుల ఫొటోకి దండ పడిందన్న సంగతి నాకు రెండో నిమిషంలో వెలిగింది. మొదటి నిమిషమంతా అద్దం గురించే భయం. పూర్తిగా ఆరని ఫొటోని మళ్లీ అద్దం కింద బిగించారు, పైన అన్ని లైట్లు. ఇంకోసారి అతుక్కుంటే ఈసారి మీసంతో పోదు, మనిషే పోతాడు. కట్ చెప్పగానే డైరెక్టర్ దగ్గరికి పోయి, ఆ ఫొటో మార్చేస్తాను సార్ అన్నాను.

"ఎలా మారుస్తావయ్యా? ఆల్రెడీ షాట్‌లో పడింది. రేపు సాయంత్రం దాకా ఈ సీనే" అన్నాడాయన. తర్వాత భుజం తట్టాడు. "అవునూ, ఆ మరకలు నువ్వే చేశావా? ఇన్నాళ్లకి నేచురల్‌గా చేశావు."

ఇన్నేళ్ల సర్వీసులో నాకు దొరికిన మొదటి మెప్పు అది. న్యాయంగా అది పై వాటావాళ్ల వాషింగ్ మెషిన్‌కి దక్కాలి.

అప్పుడు నాకు ఒకే ఒక్క తెలివైన ఆలోచన వచ్చింది. కెమెరామెన్ దగ్గరికి వెళ్లి, "సార్, అద్దంలో లైటు కొడుతోందేమో" అన్నాను. ఆయన చూశాడు, చిరాకుపడ్డాడు, అద్దం తీసేయమన్నాడు. సినిమాల్లో సగం ఫ్రేములకి అద్దాలు ఉండవు లెండి. అద్దం బయటికొచ్చాక నా ఊపిరి లోపలికి వెళ్లింది. ఫొటో గట్టెక్కింది అనుకుంటూ ఉండగా ఫోన్ మోగింది.

"అల్లుడు, నీ స్టుడియో గేటు కాడ ఉన్న. లోపటికి పంపుతలేరు."

మావయ్య. ఫొటో ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఆటో ఎక్కి వచ్చేశారు. నేను గేటు దగ్గరికి ఉరికి, ఫొటో ల్యాబ్‌లో ఉందండీ అని అబద్ధమాడాను. అదే సమయానికి యాదగిరన్న అటుగా వచ్చాడు, ఆ మీసం చూడగానే గుర్తుపట్టాడు. నేను సైగ చేసేలోపే, "మీ ఫొటోనా పెద్దాయనా? లోపల షూటింగ్‌ల ఉన్నది, రాండ్రి చూపిస్త" అని ఆప్యాయంగా చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. నేను వెనకాలే నడిచాను.

మావయ్య సెట్లోకి వచ్చి గోడ వైపు చూశారు. దండ చూశారు. దీపం చూశారు. కళ్లు తుడుచుకుంటున్న హీరోని చూశారు.

"ఏంది అల్లుడు గిది? నేను సచ్చిన్నా?"

"సినిమాలో మాత్రమే మావయ్యా."

"మీ అత్త?"

"ఆవిడ కూడానండీ. ఇద్దరూ ఒకేసారి."

ఆయన మళ్లీ దండ వైపు తిరిగారు. నేను మంజులకి ఏం చెప్పాలా అని వెతుక్కుంటున్నాను. "ఒకేసారా? గట్లయితే మంచిదే" అన్నారు చివరికి. "ఒకలు ముందుగాల పోయి ఇంకొకలు ఒంటిగ ఉండుడు కష్టం." అని ఫొటోకి దగ్గరగా జరిగారు. చెయ్యి మెల్లగా తన మీసం మీదికి పోయింది.

"గప్పట్ల నాకు గింత మీసం ఉండెనా?"

"ఉండేదండీ. ఇన్నాళ్లూ దుమ్ము పట్టి కనపళ్లేదు."

ఇంకోసారి చూసుకున్నారు. కొసలు తిప్పుకున్నారు. "ఉండె ఉండె. యాదికొస్తున్నది" అన్నారు. పోతూ పోతూ నా చెవి దగ్గర, "మీ అత్తకు దండ ముచ్చట చెప్పకు. పండుగ ముంగట గిట్లేందని లొల్లి చేస్తది" అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లకి మామా అల్లుళ్లం ఒక మాట మీద నిలబడ్డాం.

శనివారం సాయంత్రం సీను అయిపోయింది. దండ తీసేసి, ఫొటో పట్టుకుని బోరబండ వెళ్లాను. అత్తయ్యకి చూపించి, అటే ల్యాబ్‌కి ఇచ్చేద్దామని. ఆవిడ కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని చాలాసేపు చూసింది.

"గీయనెవరు?"

మావయ్య నా వైపు చూశారు. నేను గోడ గడియారం వైపు చూశాను.

"నేనేనే" అన్నారాయన.

"నీకు మీసం యాడిది గప్పట్ల? మూతి మీద నూగు ఉండె, గంతే" అంది అత్తయ్య. తర్వాత నాకు చెప్పింది. "పీటల మీద కూసుండేదాక నేను గీయన్ని సూడనే లేదు బిడ్డా. పెద్ద పెద్ద మీసాలు, ఒట్టి కోపిష్టి అని మా వదిన భయం పెట్టింది. తలెత్తి సూస్తే ఏమున్నది? నూగు. నవ్వొచ్చింది నాకు. భయమంత పోయింది. ఇగో, ఫొటోల నవ్వు ఆపుకుంటున్న, సూడు. గీ మీసాన్ని సూసి ఎవరన్న నవ్వుతరా?"

నిజమే. ఆవిడ పెదవి చివర ఓ చిన్న నవ్వు ఉంది. నీళ్లు కూడా దాన్ని ఏమీ చేయలేదు. నేనే ఆ నవ్వుకి కారణం లేకుండా చేశాను. సిగ్గేసింది. ఎక్కువ సాగదీయకుండా పైపు ఊడిన దగ్గర్నుంచీ అంతా చెప్పేశాను, ఒక్క దండ తప్ప.

ఆవిడ తిట్టలేదు. "మరి కూసో, గియ్యి" అంది. పోస్టర్ కలర్ కాబట్టి తడి దూదితో మెల్లగా అద్దితే వచ్చేసింది. నేను సన్న కుంచె తీశాను, ఆవిడ పక్కన కూర్చుంది. "గంత నల్లగ వద్దు. ఇంక సన్నగ. కొసలు లెవ్వు. ఇంక జర తక్కువ." ఏ డైరెక్టరూ నాతో అంత ఓపిగ్గా పని చేయించుకోలేదు. చివరికి నేను కుంచె ఆనించీ ఆనించకుండా ఓ నీడలాంటిది దిద్దాను. ఆవిడ పెదవి చివర, ఫొటోలో ఉన్న నవ్వే వచ్చింది.

"ఆ. గీయనే. ఆపు."

నేను జన్మలో గీసిన మీసాల్లో గొప్పది అదే. కనపడీ కనపడదు. ఆదివారం దాన్ని పెద్దది చేయించి పెడితే వచ్చినవాళ్లంతా ఫొటో ఎంత బాగుందో అన్నారు. మీసం సంగతి ఎవరూ ఎత్తలేదు.

మావయ్య ఒక్కరే కాస్త ముభావంగా ఉన్నారు. పెద్ద మీసం పోయిందని ఆయన బెంగ. అయితే సినిమాలో అది అలాగే ఉంది కదా. అందుకని రిలీజ్ రోజు మొదటి ఆటకి అత్తయ్యతో సహా వీధి వీధంతా రావాలని బోరబండలో అప్పుడే చాటింపు వేస్తున్నారు. ఆ మీసం చుట్టూ దండ ఉందన్న సంగతి ఆ ఉత్సాహంలో ఆయన మర్చిపోయారు.

నేను మర్చిపోలేదు. రిలీజ్ డేట్ తెలియగానే మీలో ఎవరింట్లోనైనా ఓ నాలుగు రోజులు ఉంటాను. అటక మీదైనా పర్లేదు.