బాయిలర్లో పచ్చి మానులు

మా మావయ్య నోటికి జడిసి చుట్టాలు మా ఇంటికి రావడం మానేశారు. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఇరవై ఆరేళ్ళుగా బాయిలర్ మండిస్తున్నాడు. కనుబొమలు ఎప్పుడో కాలిపోయాయి, మళ్ళీ సరిగ్గా మొలవలేదు. ఆ మొహంతో ఆయన మామూలుగా చూసినా తిట్టినట్టే ఉంటుంది. నాకు ఆయనంటే ప్రాణం. ఆయన్ని చిన్నబుచ్చినవాళ్ళ పేరెత్తితే ఒళ్ళు మండుతుంది. ఇది ఆ మంటతోనే చెబుతున్నాను.

లాండ్రీకి పర్యావరణానికి హాని చేయని సంస్థ అన్న సర్టిఫికెట్ కావలసి వచ్చింది. అది ఉంటేనే పెద్ద ఆసుపత్రులు దుప్పట్లు పంపుతాయట. తనిఖీ ఆఫీసరు వచ్చి పనివాళ్ళను మాటలకు అర్థాలు అడుగుతాడని, తేడా వస్తే మావయ్య ఇంటికి పోవాల్సిందేనని మేనేజర్ బెదిరించి, చేతిలో ఓ కాగితం పెట్టాడు. మావయ్య దాన్ని తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే కదా.

పునరుత్పాదక ఇంధనమంటే వాడినా మళ్ళీ పుట్టుకొచ్చేదని, ఎండ, గాలి లాంటిదని చెప్పాను. బయోమాస్ అంటే చెక్క, పొట్టు, పంట చెత్త. కార్బన్ న్యూట్రల్ దగ్గర గొడవపడ్డాం. కట్టె కాలితే వచ్చే కార్బన్‌ను పెరిగే చెట్టు మళ్ళీ పీల్చుకుంటుంది కాబట్టి లెక్క సరి అని చదివి వినిపించాను.

“ఆ పెరిగే చెట్టేది?” అన్నాడు. “నలభై ఏళ్ళ మాను మా బాయిలర్‌కి టిఫిన్ వేళ దాకా కూడా రాదే. కాగితంలో రంపపు పొట్టు అని రాశారు. లారీలో వచ్చేవి నిలువు మానులు. కోసిన చోట ఇంకా జిగురు కారుతుంటుంది.”

నోరు మూసుకుని కాగితంలో ఉన్నదే చెప్పమని గదమాయించాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

తనిఖీకి వచ్చిన పెద్దమనిషి వేడికి ఓర్వలేక బాయిలర్ గది గడప దాటలేదు. గుమ్మంలోనే నిలబడి అడిగాడు. మావయ్య మూడు మాటలకూ అర్థాలు గడగడా అప్పజెప్పాడు. అక్కడితో ఆగితే ఉద్యోగానికి ఢోకా లేదు. మేనేజర్ కళ్ళురుముతున్నా ఆయన ఆగలేదు.

“ఇక్కడ కాలేది పొట్టు కాదండీ, పచ్చి చెట్లు. ఒక్కటి మళ్ళీ నాటినట్టు నేను చూడలేదు. మీ లెక్క సరిపోదు. కావాలంటే లోపలికొచ్చి చూడండి.”

ఆఫీసరు తలూపి, ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. రిపోర్టు వచ్చేదాకా పనిలోకి రావద్దన్నాడు మేనేజర్. మావయ్య ఇంటికొచ్చి పని బూట్లు అటక మీదకి విసిరేశాడు. అమ్మ తన తమ్ముణ్ణి తిడుతూనే ఏడ్చింది.

వారానికి రిపోర్టు వచ్చింది. ఇంధనం రంపపు పొట్టు అని మేనేజర్ చెప్పిన మాటే అందులో ఉంది. మావయ్య చెప్పినదాంట్లో ఒక్క ముక్క లేదు. పనివాళ్ళ అవగాహన అన్న చోట మాత్రం, బాయిలర్ కార్మికుడికి పదాలన్నీ చక్కగా తెలుసని ఆఫీసరు పదికి పది వేశాడు. ఆ మార్కులతోనే సర్టిఫికెట్ గట్టెక్కింది. మేనేజర్ మావయ్య భుజం తట్టి, ఇకనుంచి మిగతావాళ్ళకు నువ్వే నేర్పాలన్నాడు.

మర్నాడు పొద్దున మావయ్యే బాయిలర్ తలుపు తీసి మాను లోపలికి తోశాడు. సాయంత్రం ఇంటికొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“ఉద్యోగం పోయుంటే బావుండేదే అమ్మాయ్,” అన్నాడు. “నేను చెప్పింది విన్నారని తెలిసేది.”