ఒక్క తల్లి కొమ్మలు

ఎనిమిదేళ్ళుగా ఈ మాట నా గొంతులోనే ఉంది. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

కడియం దగ్గర నాకు చిన్న నర్సరీ ఉంది. ఎండుపుల్ల ఇచ్చినా వేరు తెప్పిస్తాడని నాకు పేరు. పక్క నర్సరీ వీర్రాజుది. పాపికొండల్లో ఒకే ఒక్క వాలు మీద మిగిలిన పసుపుపూల పొద జాతిని పెంచి ఇమ్మని అటవీ అధికారులు అతన్ని అడిగారు. వాళ్ళ జీపు నా గేటు దాటి అతని గేటు దగ్గర ఆగిన చప్పుడు నాకింకా వినిపిస్తుంది.

అతను కొండెక్కి ఇరవై ఆరు పొదల గింజలు విడివిడిగా ఏరి తెచ్చాడు. ఒక్కో తల్లి పిల్లల్ని ఒక్కో వరుసలో పెంచాడు. వరుస మొదట రేకుముక్క మీద ఆ తల్లి గుర్తు: రాతి పక్కది, పొట్టిది, ఆలస్యంగా పూసేది.

"ఏంటి బావా, గింజలతో ఎన్నాళ్ళీ తంటాలు? నాకో కొమ్మ ఇస్తే రెండు నెలల్లో కొండంతా నింపేస్తాను" అన్నాను, అధికారుల ముందే.

"ఒక్క తల్లి కొమ్మలే గుచ్చితే కొండంతా ఒక్క మొక్కే అవుద్ది బావా. దాని పుప్పొడి దానికి పనికిరాదు, కాయ కట్టదు. పెళ్ళి చెయ్యాలంటే రెండో ఇల్లుండాలి కదేంటి?"

అందరూ నవ్వారు. ఆ నవ్వుకే అనుకుంటాను, అతను కొండ నుంచి నమూనాకని తెచ్చి తన నర్సరీలో నాటుకున్న ఒక పెద్ద పొద నుంచి కొమ్మలు కోసుకొచ్చి మా షెడ్డు వెనక గుచ్చాను. అన్నీ వేరు పోసుకున్నాయి. ఎవరికి చూపించను?

ఆ వేసవిలో భార్య ఆపరేషన్ కోసం వీర్రాజు నెలన్నర కాకినాడలో ఉండాల్సి వచ్చింది. నారుకు నీళ్ళు పెట్టే పని నాకు అప్పగించాడు. రోహిణి కార్తె ఎండల్లో మూడు రోజులు నేను పైపు పట్టుకోలేదు. మరిచిపోయానా? లేదు. మొక్కలు కాస్త వాడిపోతే చాలనుకున్నాను, అతనిదీ మామూలు చెయ్యేనని నలుగురికీ తెలిస్తే చాలనుకున్నాను. నాలుగో రోజు వెళ్ళేసరికి వరుసలన్నీ మాడిపోయి ఉన్నాయి. భయపడ్డానా, సంతోషించానా? రెండూ.

ఎండిన నారు పీకేసి, అది పెరిగిన సంచుల్లోనే నా కొమ్మమొక్కలు నాటాను. రేకుముక్కలు కదపలేదు. వీర్రాజు తిరిగి రాకముందే, తొలకరికి, లారీ వాటిని కొండకి, పాత పొదలకు దూరంగా ఉన్న మరో వాలుకి తీసుకెళ్ళింది.

బతికాయి. నాలుగో ఏట విరగబూశాయి. ఒక్క కాయా కట్టలేదు. మరుసటేడూ అంతే. ఆ తర్వాతి వానలకు పాత వాలు చరియ విరిగి పడింది, ఇరవై ఆరు తల్లులతో సహా. మళ్ళీ గింజ తేవడానికి చోటే లేదు.

గింజలు ఏరడంలో తనే ఏదో పొరపాటు చేశానని వీర్రాజు నమ్ముతున్నాడు. ఇప్పుడు క్రోటన్లు మాత్రమే పెంచుతున్నాడు. పోయిన నెల టీ తాగుతూ అన్నాడు: "ఆ రోజు నీకే ఇచ్చుంటే కాయ కట్టేవి బావా. నీ చెయ్యి మంచిది."

ఒకప్పుడు అతని నోట వినాలని నేను తపించిపోయిన మాట. విన్నాను. టీ పూర్తిగా తాగాను కూడా.

అతనికి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ నారు ఎండబెట్టింది నేను. కొండ మీద పూస్తున్నదంతా ఒక్క పొదే. ఇది ఒక్కచోటైనా రాసి ఉండాలి. రాశాను.