కోణం సారు

అనంతపురంలోని ఆ ఇంజినీరింగ్ కాలేజీలో ఉదయ్ కుమార్‌ను పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ ఆయన కోణం సారే. పరిశోధన నిధుల కోసం మేధోమథనం చేద్దాం రండని ఎప్పుడు పిలిచినా ముందు వరసలో కూర్చుంటాడు. ఉగ్గాని, బజ్జీలు అయిపోయేదాకా నోరు విప్పడు. ఎవరో అమాయకుడు ఓ ఆలోచన చెప్పగానే చేతులు తుడుచుకుని, "చానా బాగుండాది సార్, ఇంకో కోణం గూడా చేరిస్తే..." అంటాడు. కోణంతో పాటు ఆయన పేరూ ప్రతిపాదనలోకి ఎక్కేస్తుంది. సొమ్మొకడిది, సోకొకడిది. సొంత ఆలోచన ఒక్కటీ లేకుండా కాలేజీలోని ప్రతి ప్రాజెక్టులోనూ సహ పరిశోధకుడైన ఘనుడాయన.

ఈ ఏడు మాత్రం వ్యవహారం పీకలమీదికొచ్చింది. ప్రొఫెసర్ కావాలంటే ప్రధాన పరిశోధకుడిగా సొంత ప్రాజెక్టు తేవాల్సిందేనని యాజమాన్యం తేల్చేసింది. ఎంత తల గోక్కున్నా చుండ్రు తప్ప ఏమీ రాలలేదు.

అలాంటి సమయంలో ధర్మవరం వెళ్ళాడు. పట్టుచీరలు నేసి తనను చదివించిన తల్లి నాగలక్ష్మమ్మ, గుంత మగ్గంలోంచి గోడ పట్టుకుని లేస్తోంది.

"మగ్గం చెక్కలు తొక్కీ తొక్కీ మోకాళ్ళు పట్టేస్తాండాయి నాయనా," అంది.

ఎన్నేళ్ళుగానో చూస్తున్నదే. అమ్మ నొప్పి కంటబడడానికి పదోన్నతి ఆగిపోవాల్సి వచ్చింది, సిగ్గుచేటు. ఎట్లయితేనేం, కంటబడింది.

"నొప్పి లేకుండా తొక్కే మగ్గం చేయిస్తామ్మా," అన్నాడు. ఆ మాట మనసులోంచే వచ్చింది.

తర్వాతి సమావేశంలో బజ్జీలు రాకముందే లేచి ఆ సంగతి చెప్పాడు. కోణం సారుకు సొంత ఆలోచన రావడమేమిటని గదంతా నోరెళ్ళబెట్టింది.

ముందు తేరుకున్నది విభాగాధిపతి ఈశ్వరప్ప. "బాగుండాదప్పా. మోకాళ్ళంటే మాత్రం డాక్టర్ల కిందికి పోతాది. ఉత్త మగ్గం అని రాయి."

"మగ్గానికి సెన్సార్లు పెడితే నిధులిచ్చేవాళ్ళకు నచ్చుతాది సార్," అంది కంప్యూటర్ల విభాగం సుజాత.

"మనిషి కూర్చుంటే మగ్గం అదురుతాది. ఖాళీ మగ్గాన్ని కొలిస్తే లెక్కలు శుభ్రంగా వస్తాయి," అన్నాడు జయచంద్ర. ఉదయ్ కుమార్ కోణాలకు బలైన వాళ్ళలో ఆయనొకడు.

"మా అమ్మ..." అని మొదలుపెట్టాడు ఉదయ్ కుమార్.

"ఏమప్పా, నీకు ప్రొఫెసర్ కావాల్నా, వద్దా?" అన్నాడు ఈశ్వరప్ప.

"కావాల సార్."

నిధులు మంజూరయ్యాయి. పదోన్నతి వచ్చింది, శాలువా కప్పారు. కొత్త ప్రొఫెసర్ సెన్సార్లు తీసుకుని ధర్మవరం వచ్చి, తల్లి మగ్గానికే బిగించాడు.

"కొంచేపు లెయ్ అమ్మా. మగ్గం ఖాళీగా ఉంటేనే కొలత వచ్చేది."

ఆమె గోడ పట్టుకుని లేచింది. మెరిసే ఆ సెన్సారు బిళ్ళలను ఆశగా చూసింది.

"ఇవి పెడితే నొప్పి పోతాదా నాయనా?"

"ఈ ప్రాజెక్టులో నొప్పి లేదమ్మా."

"నాకుండాది కదా," అంది నాగలక్ష్మమ్మ. కొడుకు కొలత అయ్యేదాకా అట్లాగే నిలబడింది.